ఇన్సేన్‌లో రెండు డబ్బాల బియ్యం, ఒక గుండిగ

ఈ ప్రయాణం ఇంగ్లండులో, లెస్టర్ ఊళ్లో, ఒక ఇంటి తలుపు దగ్గర మొదలైంది. చదువుకని వెళ్లి ఉద్యోగంలో పడ్డాక, అక్కడి వామపక్ష పార్టీ ఒకదానికి మా వార్డులో వాలంటీర్ల గుంపు నడుపుతున్నాను. కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ మాబోటి వాళ్లకి అక్కడ ఓటుంటుందని తెలిసిన రోజు పట్టుకున్న పిచ్చి ఇది. శనివారాలు తలుపులు తట్టడం, చెమ్మ పట్టిన గోడల గురించీ ఆగిపోయిన బస్సుల గురించీ వినడం, చివర్లో ఓటడగడం. ఈమధ్య వినడానికి కూడా ఎవరూ మిగల్లేదు. “మీ నాయకుడు చెప్పినవాటిలో చేసింది ఒక్కటి చూపించు” అని మొహం మీదే తలుపు వేసేస్తున్నారు. దానికి తోడు అసలైన వామపక్షం మేమేనంటూ కొందరు విడిపోయి వేరు కుంపటి పెట్టారు. మా గుంపులో హెలెన్ పాత పార్టీలోనే ఉండిపోయింది, యూసుఫ్ కొత్తదానికి వెళ్లిపోయాడు. ఇద్దరూ నా ప్రాణస్నేహితులే. ఇంతలో వార్డుకి ఉపఎన్నిక వచ్చిపడింది. గుంపుని తీసుకుని ఎటు వస్తావో పై వారం బుధవారంలోగా తేల్చమని ఇద్దరూ నా పీకమీద కూర్చున్నారు. మొత్తం వదిలేసి ఇంట్లో కూర్చుందామా అనిపించిన వారంలో గ్రేస్ ఆంటీ తలుపు తీసింది.

“ఏటమ్మా, తెలుగుదానివా?” అంది డెబ్భై దాటిన ఆవిడ, నా బ్యాడ్జీ మీద పేరు చదివి. రంగూన్‌లో పుట్టిన తెలుగావిడ. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ తిట్టింది. “నలభయ్యేళ్లు మీకే ఓటేసినాను. ఎందుకంట? మీలో మీరు కొట్టుకోడానికా? మరి నాను తలుపే తియ్యను. సరదాగా కొట్లాట సూడాలంటే రంగూన్ పక్కన ఇన్సేన్ ఎల్లి మా అన్నయ్యని సూడు. సర్చిలో రెండు పార్టీలు, మాటల్లేవు.” ఆ అన్నయ్య చెవి మిషన్‌కి బ్యాటరీలు అక్కడ సరిగ్గా దొరకవట. ఎలాగూ సెలవు పెట్టి బ్యాంకాక్ వెళ్తున్నాను కాబట్టి ఆ పొట్లం నేనే తీసుకున్నాను. బ్యాంకాక్ నుంచి యాంగోన్, అంటే ఆవిడ రంగూన్, గంటంబావు విమానం. పర్యాటక వీసా ఆన్‌లైన్లోనే వచ్చింది. అక్కడి సైనిక పాలన గురించి ప్రభుత్వాల హెచ్చరికలన్నీ చదివి, ఇంట్లో ఎక్కడుంటానో చెప్పి బయల్దేరాను. మీరూ అలాగే చెయ్యండి.

యాంగోన్ నడిబొడ్డున చౌక్తడాలో, పాత కోర్టు భవనాల వెనక సందులో దిగాను. గది శుభ్రంగానే ఉంది. కరెంటు మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. పేవ్‌మెంట్ మీద ప్రతి దుకాణానికీ ఒక జెనరేటర్ గుర్రుగుర్రుమంటూ ఉంటుంది, దాని పక్కనే నిమ్మళంగా పూలమ్మే మనిషి. గడువు ముగిసే ఆ బుధవారం పొద్దున్నే సందు చివర చేపల పులుసులో సేమ్యాలాంటి మొహింగా తాగి, నడిచే దూరంలో ఉన్న రైల్వే స్టేషన్ దాకా కూడా టాక్సీ ఎక్కాను, వాన మొదలైంది కాబట్టి. డ్రైవర్‌కి ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లండు అనగానే అద్దంలోంచి చూశాడు.

“అక్కడ లీడర్లని తిడతారటగా?”

“రోజూ.”

“తిట్టి ఇంటికెళ్లి పడుకుంటారా? హాయిగా?”

“పడుకుంటాం.”

“బాగుంది,” అని రేడియో సౌండు పెంచాడు.

ఊరు చుట్టి వచ్చే సర్క్యులర్ రైలుకి టికెట్ మన కప్పు టీ ధర కూడా ఉండదు. ఆ స్టేషన్ నుంచి ఇన్సేన్ దాదాపు గంట. బుట్టలో పిట్టగుడ్లు అమ్మే అమ్మాయి చెంపల మీద, అక్కడివాళ్లు రాసుకునే తనకా అనే బెరడు గంధం ఆరి పెచ్చులు కట్టింది. కిటికీ బయట కాలువలు, తోటకూర మళ్లు, ఆరేసిన లుంగీలు. ఇన్సేన్ అంటే ఒక పక్క పాత రైల్వే వర్క్‌షాపులు, ఒక పక్క జైలు. ఆ జైలు పేరు ఎవరూ పైకి గట్టిగా అనరు. వర్క్‌షాపుల కోసం ఎప్పుడో శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ల చిన్న చర్చి వెనకే గ్రేస్ ఆంటీ అన్నయ్య, శామ్యూల్ తాతయ్య ఇల్లు. రిటైరైన ఫిట్టరు, చొక్కా కింద లుంగీ, గొంతు మాత్రం ఇంకా వర్క్‌షాపు హోరుని దాటేంత పెద్దది.

బ్యాటరీ వేసుకోగానే ఆయన విన్న మొదటి మాట పక్కింటి దావీదు సయాది. సయా అంటే అక్కడ గురువు, పెద్దాయన. ఇద్దరూ ముప్పయ్యేళ్లు ఒకే వర్క్‌షాపులో పనిచేశారు. ఆరాధన తెలుగులోనే జరగాలని శామ్యూల్ తాతయ్య. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు, బర్మీస్‌లో పెట్టాలని దావీదు సయా. అంతే, చర్చి రెండయింది. ఎడమ బల్లలు ఒకరివి, కుడి బల్లలు ఒకరివి. ఇద్దరూ మాట్లాడుకోవాలంటే మధ్యలో చర్చి వంటామె రూతమ్మ ఉండాలి.

“రూతూ, ఆ పక్కాయనకి సెప్పు, ఆడి చెట్టు కొమ్మ నా రేకుల మీద పడతంది.”

“ఆ కొమ్మ ముప్పయ్యేళ్ల నుంచి అక్కడే ఉందని సెప్పమ్మా. ఇయ్యాలే సెవులొచ్చినాయేటో ఆయనకి.”

“నాను పోస్టాఫీసుని కాను,” అంది రూతమ్మ ఇద్దరి వైపూ చూడకుండా. ఆవిడకి యాభై ఉంటాయేమో, బర్మా లుంగీ మీద మన పద్ధతిలో జడ.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం పక్కకి తీసిపెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. బుధవారాలు ఆ బియ్యం వండి, దూరపు ఊళ్ల నుంచి జైలుకి ములాఖత్‌కొచ్చి ఎండలో నిలబడేవాళ్లకి పెడతారు. అన్నం మధ్యాహ్నం బండి వేళకి అందకపోతే వాళ్లలో చాలామంది ఖాళీ కడుపుతోనే ఊళ్లకి వెళ్లిపోతారు. చర్చి చీలాక పెద్దలు బియ్యం డబ్బాలు కూడా రెండు చేయించారు, తాళాలతో సహా. ఆడవాళ్లు మాత్రం రెండు తాళంచెవులూ రూతమ్మ లుంగీ కొసకి కట్టేశారు. పొయ్యి ఒకటే, గుండిగ ఒకటే.

“మీరు ఎవరి పక్క కాదన్నమాట,” అన్నాను మెచ్చుకోలుగా.

“ఎందుకు కాదు? నాను దావీదు సయా పక్క. మా పాపకి తెలుగు ప్రార్థన ఒక్క ముక్క తెలీదు. మా ఆయన శామ్యూల్ సయా పక్క. రోజూ ఇంట్లో యుద్ధమే. బుధవారం యుద్ధం చేస్తే ఎసరు ఎవడు పెడతాడు?” అని కట్టెలకి వెళ్తూ, “నీళ్లు మరిగితే బియ్యం పోసీ అమ్మా,” అంది.

నీళ్లు మరిగాయి. రెండు డబ్బాల బియ్యమూ కడిగి, ఒక్కసారే పోసేశాను. తిరిగొచ్చిన రూతమ్మ గుండిగలోకి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తెలుగు వైపు పాత కుటుంబాలు ఇంకా ఉప్పుడు బియ్యమే తింటాయి. కుర్ర కుటుంబాలవి మెత్తటి బర్మా బియ్యం. ముందు ఉప్పుడుది వేసి, సగం ఉడికాక రెండోది వెయ్యాలి. నా పుణ్యాన సగం అన్నం బంకయింది, సగం పలుకులయింది. కిటికీ కమ్మీ పట్టుకుని చూస్తున్న పెద్దలిద్దరూ పరిగెత్తుకొచ్చారు. దావీదు సయా గరిటెతో తీసి నమిలి, “ఆ రాళ్లు మావి కావని సెప్పు రూతూ,” అన్నాడు. “ఆ గోందు మాది కాదని సెప్పు,” అన్నాడు శామ్యూల్ తాతయ్య. తర్వాత ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. “ఇంగ్లండులో బియ్యం సూళ్లేదేటి?” “బియ్యం పొయ్యమని దీనికెవడు సెప్పినాడు?” చర్చి చీలాక ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారని రూతమ్మ నవ్వుతూనే, నీళ్ల బిందె నా చేతికిచ్చింది. “తిట్టింది సాలు. సయాలు ఇద్దరూ ఉల్లిపాయలు తరగండి. జావ చేసేద్దాం.”

తరిగారు. ఒకే పీట మీద, ఎడమొహం పెడమొహంగా. అల్లం, ఎండు రొయ్యలు, వేయించిన ఉల్లిపాయలతో ఆ గుండిగెడు జావ బకెట్లలో జైలు దగ్గరి టీకొట్టు పక్కకి తీసుకెళ్లేసరికి జనం ఇంకా ఉన్నారు. ఎర్ర గొడుగు పట్టుకున్న ఒకావిడ రెండోసారి గిన్నె చాపి ఏదో అంది. రూతమ్మ నాకు తెలుగులో చెప్పింది: “లోపలున్న కొడుక్కి జొరమంట. ఇలాటి జావ ఆడికి పోస్తే బాగుండునంటంది.” కొడుకు ఎందుకు లోపలున్నాడో రూతమ్మ అడగలేదు. నేను ఇంకో గరిటె పోశాను.

సాయంత్రం గదిలో ఇంటర్నెట్ దొరికిన పదినిమిషాల్లో హెలెన్‌కీ యూసుఫ్‌కీ ఒకే మెయిల్ రాశాను. గుంపుని ఎవరి ప్రచారానికీ తీసుకెళ్లను. నా ఓటు ఎవరికో నాకు తెలుసు, మీతో విడివిడిగా పోట్లాడతాను కూడా. శనివారం మాత్రం పదింటికి మామూలుగానే లైబ్రరీ మెట్ల దగ్గర, బ్యాడ్జీలు ఇంట్లో పెట్టి, చెమ్మ గోడల ఫిర్యాదుల పనికి. ఇది పిరికితనం అని హెలెన్. నీ నుంచి ఇది ఊహించలేదని యూసుఫ్. చాన్నాళ్లకి ఇద్దరూ ఒక విషయంలో ఏకమయ్యారు. కాసేపాగి యూసుఫ్ నుంచే ఇంకో లైను: “వస్తాను. హెలెన్ వస్తోందా?”

నాయకుల మీద విసుగొస్తే ఇంట్లో కూర్చోవడమే నిజాయితీ అనుకుంటూ వచ్చాను. ఇన్సేన్‌లో తగువు తీరలేదు, తీరుతుందన్న నమ్మకమూ నాకు లేదు. వచ్చే ఆదివారం కూడా ఎడమ బల్లలు ఎడమే, కుడి బల్లలు కుడే. రూతమ్మ ఇంటికెళ్లి మొగుడితో మళ్లీ వాదిస్తుంది. కానీ మనిషి తన పక్క వదలకుండానే పొయ్యిని కూడా వదలకుండా ఉండడం నేను దగ్గర్నుంచి చూశాను. దాన్ని ఏమనాలో తెలీదు గానీ, ఓటు వెయ్యకపోవడం కన్నా చాలా కష్టమైన పని అది. తాతయ్య, సయా ఒకే పీట మీద ఉల్లిపాయలు తరుగుతున్న ఫొటో గ్రేస్ ఆంటీకి పంపితే మర్నాటికి జవాబొచ్చింది: “ఇద్దరూ ముసలోళ్లయిపోనారు. శనివారం రా, తలుపు తీస్తాను. ఓటు మాటెత్తకు.”

వెళ్లేవాళ్లకి ఒక సలహా: ఇన్సేన్‌కి పొద్దుటి బండికే వెళ్లండి, జైలు వైపు ఫొటోకని ఫోన్ ఎత్తకండి, ఎవరైనా బియ్యం పోయమంటే మాత్రం ఏ డబ్బా ముందో అడిగి పొయ్యండి.