నడిమి గోడ చెమ్మ

నాకు అనుమానం ఎక్కువ. ఆ మాట దాచుకోవడం ఎందుకు, మా వీధిలో అందరికీ తెలిసిందే. పాలు పోసేటప్పుడు గిన్నెకేసి చూడను, పోసేవాడి చేతికేసి చూస్తాను. మా ఆయన దీన్ని జబ్బు అంటారు. జబ్బైతే అయింది గానీ, గ్యాసు ట్యూబు చిట్లిందని ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టింది నేనే. అందుకని మా ముందు గదిలో, బీరువా పక్కన, మోకాలెత్తున గోడ మీద చెమ్మ మచ్చ కనబడిన రోజున నేను గోడని ఏమీ అనుకోలేదు. గోడకి అవతల ఉన్న మనిషిని అనుమానించాను.

అవతల ఉన్నది మా తోడికోడలు. ఈ ఇల్లు మా మామగారు కట్టింది. అనకాపల్లిలో ఆయన చేసింది బెల్లం వ్యాపారం. కొడుకులిద్దరూ వాటాలు వేసుకున్నప్పుడు పెద్ద హాలుకి నడిమధ్యన నాలుగంగుళాల గోడ ఒకటి లేపించారు. ఇటు మేము, అటు మరిది వాళ్ళు. అన్నదమ్ములు పరవాడలో ఒకే కంపెనీకి, ఒకే బస్సులో పోతారు. పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు. పగలంతా ఇటు నేను, అటు ఆవిడ.

ఈ ఊళ్ళో నేను మనసు విప్పి మాట్లాడేది ఆవిడ ఒక్కదానితోనే. వయసులో నాకంటే చిన్న, కానీ నా నోటికి జడవదు. గోడ లేచినా మా మధ్య గిన్నె ఆగలేదు. నేను వంకాయ కూర పంపితే, అదే గిన్నెలో ఆవిడ పచ్చడో పులుసో పెట్టి పంపేది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు కదా. ఏమీ లేని రోజున చిన్న బెల్లం ముక్కైనా వేసేది.

మచ్చ వచ్చింది వానలు మొదలైనప్పుడు. మొదట చపాతీ అంత ఉంది. ఆ ముందు నెలే ఆవిడ వాషింగ్ మిషను కొని, సరిగ్గా ఆ గోడకే ఆనించి పెట్టింది. అది అక్కడ గిర్రున తిరుగుతుంటే ఇక్కడ మా బీరువా తలుపు గడగడలాడేది. ఇంకేం కావాలి? రుజువు చేతిలో పెట్టినట్టే అనిపించింది.

పెరట్లో బట్టలారేస్తుంటే అడిగాను. "ఓలమ్మీ, మీ మిషను నీళ్ళు ఎటు పోతన్నాయే?"

"బయటికి పైపెట్టేం కదక్కా. ఏటి?"

"ఏం లేదు. మా గోడ చెమ్మగుంది."

"మావైపు పొడిగానే ఉంది," అంది.

నేను వాళ్ళ వైపు సంగతి అడగనే లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మాట ఎందుకొచ్చిందని ఆ పూటంతా ఆలోచించాను. సాయంత్రం మా ఆయనకి చెప్పి, రేపు బస్సులో మీ తమ్ముడిని అడగండి అన్నాను. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, చివరికి, "బస్సులో మేం నిద్రపోతాం," అన్నారు.

ఆ తర్వాత మా మాటలు పొట్టివైపోయాయి. తిన్నావా అంటే తిన్నాను. నేను పంపిన గిన్నె తళతళా తోమి, ఖాళీగా వచ్చింది. మొదటిసారి మరిచిపోయిందేమో అనుకున్నాను. మళ్ళీ ఖాళీగానే వచ్చింది. దాన్ని అలమరలో బోర్లించి, నేను కూర పంపడం మానేశాను. నాకు చాలా కష్టంగా ఉండేది. కానీ తప్పు చేసింది వాళ్ళైతే నేనెందుకు ముందు వంగాలి?

మేస్త్రీని పిలుద్దామని మా ఆయన అన్నారు. నాకు ఇష్టం లేకపోయింది. మేస్త్రీ వస్తే గోడ రెండువైపులా చూస్తానంటాడు, ఆవిడ అటువైపు నిలబడి తనకి కావలసినట్టు చెబుతుంది. అందుకని ఫోన్లో వీడియోలు చూసి నేనే మొదలెట్టాను. ఇంటి పనులు ఇంట్లోవాళ్ళే ఎంత సులువుగా చేసుకోవచ్చో ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని చూపిస్తాడు. పాత రంగు ఇనప రేకు పట్టీతో గీకాలి, ఎమరీ కాగితంతో రుద్దాలి, ప్రైమరు రాసి, పుట్టీ పెట్టి, ఆరాక రంగు వేయాలి. అంత పనీ చేసి ఆయన చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు. నేను అప్పుడే అనుమానించాల్సింది.

గీకడం నాకు బాగా నచ్చింది. కోపం ఉన్నవాళ్ళకి అంతకంటే మంచి పని లేదు. పెచ్చులు పెచ్చులుగా రంగు ఊడి పడుతుంటే, అవతల మిషను తిరుగుతుంటే, ఆ చప్పుడుకి తగ్గట్టు నేనూ గీకేదాన్ని. కింద సిమెంటు మామూలుగా లేదు. గోరుతో నొక్కితే గోరు దిగింది. ఎన్నాళ్ళుగా నీళ్ళు తాగిస్తోందో మహాతల్లి అనుకున్నాను. పుట్టీ కలపడం మాత్రం దోసెల పిండి కలపడమే, అది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. లేత పసుపు రంగు వేసి, దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను.

రెండు పెద్ద వానలు పడ్డాయో లేదో మచ్చ మళ్ళీ లేచింది. ఈసారి చాట అంత ఉంది. మళ్ళీ గీకి, నీళ్ళు పట్టని మందంటూ డబ్బాలో అమ్ముతారే, అది తెచ్చి రాశాను. మందు పొక్కులు లేచింది. చివరికి ఇటికల బొమ్మ ఉన్న స్టిక్కరు తెప్పించి అతికించాను. కొన్నాళ్ళు గది సినిమా సెట్టింగులా ఉంది. తర్వాత ఆ ఇటికలు ఉబ్బడం మొదలెట్టాయి, వాటి అంచుల్లోంచి చీమలు బారులు కట్టాయి.

చీమలతో నా అనుమానం ఇంకో మెట్టెక్కింది. మామూలు నీళ్ళకి చీమలెందుకు వస్తాయి? ఆవిడ పాయసం గిన్నెలు కూడా ఆ మూలే తొలుస్తోందన్నమాట. వాళ్ళింట్లో పాయసం వండిన మర్నాడు చీమలు ఎక్కువ వస్తున్నాయని కూడా నాకు రూఢిగా అనిపించింది. గోడ పొడుగునా పసుపు గీత గీశాను. చీమలు దాన్ని దాటి వచ్చాయి.

ఒకరోజు కరివేపాకు వంకతో వాళ్ళింటికెళ్ళాను. వాళ్ళ పెరట్లో కరివేపాకు మా పెరట్లోది కంటే ముదురు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ కోయడానికి వెనక్కి వెళ్ళింది. నేను గబగబా గోడకేసి చూశాను. మిషను పక్కన, నేలకి మోకాలెత్తున, పెద్ద కేలండరు వేలాడుతోంది. కేలండరు మోకాలెత్తున ఎవరు తగిలిస్తారు? తిథి చూడాలంటే ఈవిడ నేల మీద పడుకుంటుందా? ఆకు తీసుకుని, ఏమీ అడక్కుండా వచ్చేశాను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతం చూసి రమ్మన్న చోటికే నేను వెళ్ళాను, అక్కడ దొంగ కేలండరు దొరికింది.

ఇంక మచ్చ బాగుపడదని తేలిపోయింది కాబట్టి, దాన్ని కనపడకుండా చేద్దామనుకున్నాను. దాని మీదుగా పొట్టి అర ఒకటి కొట్టి, ఏటికొప్పాక లక్క బొమ్మలు వరసగా పెడితే వచ్చినవాళ్ళు బొమ్మల్ని చూస్తారు గానీ గోడనెవరు చూస్తారు? డ్రిల్లింగు మిషను తెప్పించుకున్నాను. తెల్ల చొక్కాయన చెప్పినట్టే పెన్సిలుతో గుర్తు పెట్టి, స్టిక్కరు చింపి, మోకాళ్ళ మీద కూర్చుని, మర గోడకి ఆనించి నొక్కాను.

గట్టిగా ఉంటుందనుకుని నా బలమంతా పెట్టాను. గోడ వెన్నముద్దలా దారిచ్చింది. మధ్యలో ఇటుక కాస్త అడ్డుపడింది, తర్వాత మళ్ళీ మెత్తగా దిగి, మర పిడి దాకా లోపలికి పోయింది. అవతల కాగితం పర్రున చిరిగిన చప్పుడు వినబడింది.

"అక్కా," అని పిలుపు వచ్చింది. "నా కేలండర్కి కన్నం ఎట్టేసేవు."

మర వెనక్కి లాగి, నేల మీద మోచేతి మీదకి ఒరిగి కన్నంలోకి చూశాను. అవతల ఒక కన్ను ఉంది. ఆవిడా నేల మీద ఒరిగిందన్నమాట.

"ఆ కేలండరు తియ్యి," అన్నాను.

కన్ను పక్కకి తప్పుకుంది.

"తియ్యే."

మేకు నుంచి కాగితం దిగిన చప్పుడైంది.

"ఏటుందక్కడ?" అని అడిగాను.

"మచ్చ."

"ఎంతుంది?"

"నీకెంతుందో నాకూ అంతే ఉంది."

"మరి పొడిగుందన్నావు?"

"నీ సింకు నీళ్ళనుకున్నానక్కా. సేతులు కడుక్కునే సింకు ఇదే గోడకి కదా ఉంది. అంటే నువ్వు బాధపడతావని అన్లేదు."

ఆ చివరి ముక్క నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నేను బాధపడతానని కాదు, నా నోటికి తట్టుకోలేక అనలేదు. ఈ మనిషి కూడా నాకు జడుస్తుందా అనిపించి మనసు చివుక్కుమంది.

"ఎన్నిసార్లు బాగుసేసేనో తెలుసా," అందావిడ. "పుట్టీ ఎట్టేను. మందు రాసేను. స్టిక్కరు కూడా అతికించేను. అదీ ఉబ్బిపోతే కేలండరు ఎట్టేను."

"ఏ స్టిక్కరు?"

"ఇటికిలది."

"తెల్ల సొక్కా ఆయన సెప్పిందా?"

"ఆయనే."

ఇద్దరం ఒకే గోడని రెండువైపుల నుంచీ, ఒకరికి తెలియకుండా ఒకరం గీకుతూ వచ్చాం. ఆవిడ మిషను చప్పుడులో నా గీకుడు వినబడలేదు. నా కోపంలో ఆవిడది నాకు వినబడలేదు. నవ్వాలో తిట్టాలో తెలియక, చేతిలో ఉన్న మర ములుకు కేసి చూశాను. పొడి రావలసిన చోట గోధుమరంగు ముద్ద అంటుకుని ఉంది. వాసన చూశాను. నాకు తెలిసిన వాసనే. అనకాపల్లిలో ఆ రంగు వస్తువు చేతికంటితే ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. నాలిక మీద పెట్టుకున్నాను. ముందు సున్నపు ఘాటు తగిలింది. దాని వెనక నుంచి తీపి వచ్చింది.

"ఓలమ్మీ, ఇది బెల్లం."

అవతల గోడ గోకిన చప్పుడైంది. ఆవిడ కూడా రుచి చూస్తోందని నాకు తెలుసు.

"మావయ్యగారు," అంది మెల్లగా.

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. గోడ పూతపని జరిగిన రోజుల్లో పెరట్లో ఒక డ్రమ్ము ఉండేది. అమ్ముడుపోక నల్లబడిన బెల్లం దిమ్మలు మామగారు అందులో నీళ్ళలో నానేశారు. ఈగలు ముసురుతుంటే నేను మూత పెట్టాను కూడా. పశువులకి దాణాలోకేమో అనుకున్నాను. మిగతా సగం ఆవిడ చెప్పింది. మేస్త్రీకి టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తను విన్నదట.

"సిమెంట్లో కలపమన్నారక్కా. పూర్వం కోట గోడలకి సున్నంలో బెల్లం కలిపేవోరు, రాయిలాగుంటాదని. మేస్త్రీ ఇది సున్నం కాదు బాబూ అన్నాడు. మావయ్యగారు ఇన్లేదు. నా కొడుకులు గోడెట్టమన్నారు, ఎట్టేను, సేదు మాత్రం ఉండకూడదు, కలుపు అన్నారు."

ఆ ముసలాయన ఆ మాట ఎవరికీ చెప్పకుండా గోడకి చెప్పి పోయారు. సున్నానికి బెల్లం మేలు చేస్తుందేమో గానీ, సిమెంటుని అది గట్టిపడనివ్వదు. ఏటా వెల్ల వేసుకున్నంత కాలం లోపలి చెమ్మ ఎలాగో బయటికి పోయేది. కిందటి సంక్రాంతికి మేమిద్దరం ప్లాస్టిక్ రంగుల మోజులో పడి దాని దారి మూసేశాం. అది వాన పడినప్పుడల్లా నీళ్ళు పీల్చుకుని, రెండువైపులా సమానంగా ఉబ్బింది. ఆయన పంపకాల్లో ఎప్పుడూ తేడా చెయ్యలేదు.

"గిన్నె ఖాళీగా ఎందుకు పంపేవు?" అని అడిగాను. అన్నాళ్ళూ నన్ను గోడకంటే ఎక్కువ బాధ పెట్టింది అదే.

"నువ్వు పెరట్లో అలా అడిగేక నా సెయ్యి ఆడలేదక్కా," అంది.

నాకు ఏడుపొచ్చింది. నేల మీద పక్కకి ఒరిగి ఏడవడం అంత సులువు కాదు, నీళ్ళు చెవిలోకి పోతాయి.

పూతంతా ఇటుక దాకా గీకేసి, ఎండలొచ్చేదాకా ఆరనిచ్చి, రెండువైపులా వెల్ల వేద్దామనుకున్నాం. కన్నం సంగతి ఎవరమూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న, బస్సు వెళ్ళిపోయాక, కన్నంలోకి వంగి చూశాను. అవతలి వెలుతురు లేదు. కన్నం మూసేసి ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. నిన్న అంత మాట్లాడి, తెల్లారేసరికి పుట్టీ పెట్టేసింది. నేను ఏం చూస్తానని భయం? మిషను కింద నీళ్ళు నిజంగానే కారుతున్నాయా? మాటలతో నన్ను మెత్తబరిచి, మళ్ళీ కేలండరు తగిలించేసిందా? దాన్ని లోపలికి తోసేద్దామని వేలు పెట్టి నొక్కాను. వేలికి పుట్టీ తగల్లేదు. గరుగ్గా, జిగురుగా ఏదో విరిగి వేలికంటింది. అది కొత్త బెల్లం ముక్క, ఆ కన్నానికి సరిపోయేలా చెక్కి పెట్టింది.

గోడ దగ్గరికి మొహం పెట్టాను. "సీమలు వత్తాయే," అన్నాను.

అవతల ఆవిడ అక్కడే కూర్చుని ఉందేమో, వెంటనే పలికింది. "రానీ అక్కా. ఎవరింట్లోంచి వత్తన్నాయని ఇంక అనుకోనక్కర్లేదు కదా."