ఆపా తలలోని గడ్డ

నా దగ్గర చదువుకున్న డాక్టరమ్మాయి మొన్న యాప్రాల్‌లోని మా ఇంటికొచ్చి, వాళ్ల ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చిందని తెగ సంబరపడింది. మెదడులోంచి తీసిన ముక్కకు రంగులు వేసే పని కూడా లేకుండా దాని కణాలను నిమిషాల్లో తెర మీద చూపిస్తుందట. మంచిదే అన్నాను గానీ, కాఫీ చల్లారిపోయినా గ్లాసు పట్టుకునే కూర్చున్నాను. మనసు పద్మారావు నగర్‌లో ఉన్నప్పటి మా పక్కింటావిడ, అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే మనిషి దగ్గరికి పోయింది.

ఆపా జాకెట్లు కుట్టేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కూడా ఆపకుండా మాట్లాడగలిగిన మనిషి. చెప్పిన రోజుకు ఒక్క జాకెట్టూ ఇచ్చిన పాపాన పోలేదు, కానీ కోపంగా వెళ్లినవాళ్లు కూడా ఆవిడ కబుర్లలో పడి, టీ తాగి తిరిగొచ్చేవారు. అలాంటి ఆపాకు మాట తడబడటం మొదలైంది. స్కానింగ్ తీస్తే మెదడుకు ఎడమపక్క, మాటకు ఆధారమైన చోటికి ఆనుకుని గడ్డ. ఆపరేషన్ నేను పాథాలజిస్టుగా పనిచేసే ఆసుపత్రిలోనే. మధ్యలో చిన్న ముక్క తీసి నా ల్యాబ్‌కు పంపుతారు, అదేమిటో నేను చెప్పాకే సర్జన్ చెయ్యి కదలాలి. కొన్ని గడ్డలను వీలైనంత తీసేయాలి. లింఫోమా అనే రకం క్యాన్సర్ అయితే మందులకే కరుగుతుంది, ఇంకా కోస్తే మాటకే ముప్పు.

"నువ్వే చూస్తవంట గదా డాక్టరమ్మా," అంది ఆపా, పదాలు వెతుక్కుంటూ. "జెర... మంచిగ చూడు."

బియ్యపు గింజంత ముక్క వచ్చింది. రెండు గాజుపలకల మధ్య నలిపి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలన్నీ చితికిపోయి ఏదీ తేలలేదు. ఇంకో ముక్క అడిగాను. ఫోన్లో సర్జన్, "మేడం, ఇక్కడ తల తెరిచి నిలబడ్డాం, ఇంకెంతసేపు?" అన్నాడు. లేచాను, కూర్చున్నాను, శుభ్రంగానే ఉన్న కళ్లద్దాలు మళ్లీ తుడిచాను. రెండో ముక్కలో రక్తనాళాల చుట్టూ గుమిగూడిన పెద్ద పెద్ద గుండ్రటి కణాలు కనిపించాయి. "లింఫోమాలా ఉంది, ఇంక తీయకండి," అన్నాను.

బయట ఆపా భర్త ఎదురొచ్చాడు. "ఆపేసిన్రంట? గడ్డ ఆడ్నే ఉన్నదంట? ఏందమ్మా గిట్ల?"

"మందులతో కరిగే రకం భాయ్," అన్నాను. తలూపాడు గానీ నమ్మలేదు. నిజానికి నేనూ పూర్తిగా నమ్మలేదు. ఖాయమైన రిపోర్టుకు ఇంకొన్ని రోజులు పడుతుంది. నేను పొరబడి ఉంటే, తీయాల్సిన గడ్డను ఆవిడ తలలో వదిలేయించినట్టే. అన్నం సయించేది కాదు. పుస్తకాలు తీసి, చూసిందే మళ్లీ చూసేదాన్ని. మెట్ల మీద భాయి అడుగుల చప్పుడైతే, ఎదురుపడకుండా వంటింట్లోకి పోయేదాన్ని.

రిపోర్టు లింఫోమా అనే వచ్చింది. మందులకు ఆపా జుట్టు ఊడింది, మనిషి సగమైంది, గడ్డ కరిగింది. కొన్ని నెలలకు ఒక సాయంత్రం గోడ అవతల ఆపా, భాయి వండిన పప్పు మీద విరుచుకుపడుతోంది: "ఉప్పు లేదు, కారం లేదు, ఇదేం పప్పు? ఆస్పత్రిల బతికొస్తే ఇంట్ల సంపుతవా ఏంది?" ఒక్క మాట కూడా తడబడలేదు. పాలు పొంగిపోతున్నా పొయ్యి కట్టేయకుండా నిలబడి విన్నాను.

ఆ తర్వాతి ఏళ్లు ఎలా గడిచాయో తెలియదు గానీ, ఆ రిపోర్టు కోసం చూసిన రోజులు మాత్రం నాలో ఇంకా పూర్తిగా గడవలేదు.