మంచు గుంజ పక్కన గోడ

యంగ్‌జోమ్ మొండిది. ఊళ్లోవాళ్లు ఆ మాటను తిట్టుగా అనేవారు, ఆమె బిరుదుగా పుచ్చుకునేది. ఊరి పైన మైదానంలో గీతలు గీసిన ఇనుప గుంజ ఒకటి ఉంది. మంచు పడ్డప్పుడల్లా ఏ గీత దాకా వచ్చిందో చూసి రావడం వాళ్ల నాన్న పని. ఆయన పోయాక అది ఆమెకు వచ్చింది. దాన్ని పాతించిన లేహ్ ఆఫీసువాళ్లే ఆ గుంజ సంగతి మరిచిపోయిన ఏళ్లలోనూ వెళ్లి చూసింది. ఎవరు చూడమన్నారు? ఎవరూ అనలేదు!

అలాంటి చోట అన్న రిగ్జిన్ టూరిస్టులకు అద్దెకివ్వడానికి ఇల్లు మొదలుపెట్టి, గుంజను ఆనుకునే ప్రహరీ లేపాడు. నేల అతనిదే. తెల్లారగానే యంగ్‌జోమ్ వెళ్లి రాళ్లన్నీ పీకి పారేసింది. అతను మళ్లీ పేర్చాడు, ఆమె మళ్లీ కూల్చింది. చివరికి ఊరిపెద్ద గోబా ఇద్దర్నీ పిలిపించాడు.

“నా నేల, నా గోడ. దీనికేం పోయేకాలం వచ్చింది?” అన్నాడు రిగ్జిన్.

“గాలి నీ గోడకు కొట్టుకుని మంచంతా గుంజ దగ్గర కుప్పపోస్తుంది. లేని మంచు ఉన్నట్టు కనబడుతుంది,” అంది యంగ్‌జోమ్.

“అయితే గుంజనే అవతలికి జరపరాదూ తల్లీ,” అన్నాడు గోబా.

“జరిపితే నాన్న చూసిన మంచుతో నేను చూసేది ఎలా పోల్చను? వాగు సన్నబడిపోతోందని ఛాంగ్ తాగినప్పుడల్లా ఏడుస్తారుగా! మంచు కరిగితేనేగా వాగుకు నీళ్లు, అదెంత తగ్గిందో ఈ గుంజ కాక ఇంకెవరు చెబుతారు?”

“మరి నా ఇల్లు నీ నెత్తిమీద కట్టుకోమంటావా?” అని ఎగిరాడు రిగ్జిన్.

“నా పొలంలో కట్టుకో. ఆ రాళ్లనేల నాకిచ్చెయ్.”

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఆమెకున్నది ఆ ఒక్క బార్లీ చెక్కే. వాగునీటిలో తొలి వంతు దానిదే, పొలంతో పాటు ఆ వంతూ పోతుంది. రిగ్జిన్ మాత్రం ఆమె నోరు మూయకముందే ఒప్పేసుకున్నాడు. సిగ్గన్నది ఉంటేగా!

సగం చెక్కలో ఇల్లు లేచింది, మిగతా సగంలో బార్లీ అతనే కోసుకున్నాడు. యంగ్‌జోమ్ ఆ ఏడు పరాయి పొలాల్లో కూలికి కోసింది. చలికాలం చివర గుంజ మీద మంచు అట్టడుగు గీత దగ్గరే ఆగిపోయింది. ఆమె ఎన్నడూ అంత తక్కువ చూడలేదు. చూద్దామని వచ్చిన రిగ్జిన్ పగలబడి నవ్వాడు.

“ఈ గుప్పెడు మంచు కోసమా పొలం పోగొట్టుకున్నావ్?”

“గుప్పెడే. నీ గోడ ఉండుంటే మోకాలిలోతు కనబడేది, నువ్వు కాళ్లు బారజాపుకుని నిద్రపోయేవాడివి. వెళ్లన్నా! తొలి వంతు నీదేగా, ఏ నీళ్లతో పంట పండిస్తావో నేనూ చూస్తా.”