ముందు నువ్వు తిను

మా అత్త పోయిన కబురు నాకు ఫోన్లో వచ్చింది. పొద్దున ఎనిమిది గంటలప్పుడు ఆసుపత్రికి పంపే క్యారియర్ కోసం బీన్స్ తరుగుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోయింది" అన్నాడు. నేను ఏడవలేదు. "డాక్టరు బాగా చూసినాడా? ఇంగొకసారి చూడమని చెప్పు" అన్నాను. తల్లి పోయిందని మొగుడు ఏడుస్తూ చెబుతుంటే ఇదేం మనిషి అని మీరు అనుకోవచ్చు. ఒక్కసారి చెబితే నమ్మకపోవడం నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుణం కాదు. ఇరవై రెండేళ్ళు మా అత్తతో ఒకే వంటింట్లో ఉండి నేర్చుకున్నాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని పనివాళ్ళకు వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో ఒకటి. మా మామ గనిలో పనిచేసి, నేను కాపురానికి రాకముందే పోయాడు. గనిలోంచి తీసిన రాయిని పొడిచేసి, సైనైడ్‌తో కడిగి, ఆ మట్టిని పోసిన దిబ్బలు మా చుట్టూ ఉన్నాయి. గాలి కాలంలో ఆ దుమ్ము లేచి గిన్నెల మీద పడుతుంది. అందుకని ఆకుకూరలు అమ్మే మనిషి వచ్చిందంటే మా వాకిట్లో చిన్న కోర్టు జరిగేది.

"యాడ కోసినావు ఈ సొప్పు?" అనేది మా అత్త.

"చేన్లోనేమ్మా."

"చేను యాడుండాది? దిబ్బకు ఈ పక్కనా, ఆ పక్కనా?"

"దేవుని సాచ్చి, దిబ్బ దరిదాపుల్లో గూడా కాదమ్మా."

"దేవుణ్ణి యాల పిలుస్తావు? ఆయప్ప వచ్చి ఆకు కోసినాడా?"

కట్ట విప్పి, వేళ్ళ మట్టి నలిపి చూసి, మూడు నీళ్ళలో కడిగితే తప్ప ఆకు లోపలికి వచ్చేది కాదు. మిరియాలు నీళ్ళలో వేసి చూసేది, బొప్పాయి గింజలు కలిపారేమోనని. పాలవాడి మీద అనుమానం, నూనె కొట్టు మీద అనుమానం, నిన్నటి పప్పు మీద మరీ అనుమానం. పప్పును రెండు వేళ్ళ మధ్య పెట్టి సాగదీసి, అంచుల్లో చిన్న బుడగలు ఉన్నాయేమో వెలుతురుకు పట్టి చూసేది. ఏ మాత్రం జిగురు తగిలినా పారబోసేది. "కడుపులోకి పోయినాక అనుమానపడి ఏం లాభం?" అనేది.

ఇవన్నీ నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే. ఆమె చేసినా నేను చేసినా, కూర పొయ్యి మీద నుంచి దిగగానే నా అరచేతిలో ఇంత పెట్టి, "ముందు నువ్వు తిను" అనేది. నేను నమిలి మింగేదాకా కళ్ళు ఆర్పకుండా నా మొహమే చూసేది. ఆ తర్వాతే తన కంచంలో వడ్డించుకునేది. పెళ్ళయిన మూడో రోజు మొదలైంది ఇది, ఒక్క పూట తప్పలేదు.

మా పుట్టిల్లు నంగలి పక్కన పల్లె. మా వైపు ఒక నమ్మకం ఉంది. కోడలో, అత్తో, గిట్టని వాళ్ళెవరో కూడులో 'మందు' పెడతారనీ, అది తిన్నవాళ్ళు పెట్టినవాళ్ళ చెప్పుచేతల్లోకి పోతారనీ, లేకపోతే కడుపులో అది గడ్డకట్టి మనిషి ఎండిపోతుందనీ. అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ నా కొంగుకు పసుపు ముడి వేస్తూ చెవిలో చెప్పిన మాట ఇది: "వాళ్ళ చేతిది ముందుగా నువ్వు తినొద్దు పాపా. వాళ్ళు తిన్నాక తిను."

ఇక చూడండి నా పాట్లు. ఇక్కడ ఈమె ముందు నువ్వు తిను అంటుంది. అక్కడ మా అమ్మ తినొద్దంటుంది. తినకపోతే మర్యాద కాదు. తింటే, నన్ను చూసే ఆ చూపు. ఈమె నాకు మందు పెట్టి అది పనిచేసిందా లేదా అని చూస్తోందా? లేక నేనే విషం కలిపాననుకొని నా మీద పరీక్షిస్తోందా? రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను వండిన కూరను కూడా నాకు పెట్టి చూసేదంటే, నన్ను ఏమనుకుంటున్నట్టు? ఒక ఇంట్లో ఇన్నేళ్ళు బతికి, నన్ను కూడులో విషం పెట్టే మనిషి అనుకుంటున్నారా లేదా అన్నది తెలియకుండా బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

రెండో ఏడు నాకు కడుపునొప్పి పట్టుకుంది. ఏం తిన్నా ఇమడలేదు. మా అమ్మ గుండెలు బాదుకుని నన్ను మందు కక్కించేవాడి దగ్గరికి తీసుకుపోయింది. పరగడుపున ఏదో పచ్చటి ఆకు పసరు తాగించాడు. పేగులు తెగేలా కక్కాను. వాడు పుల్లతో కెలికి నల్లటి ఉండ ఒకటి తీసి చూపించి, "ఇదే తల్లీ, ఇంట్లో ఆడమనిషే పెట్టింది" అన్నాడు. అది నా కడుపులోంచి వచ్చిందో వాడి చేతిలోంచి వచ్చిందో అని నాకు తోచలేదు. అనుమానపడాల్సిన ఒక్క చోట నమ్మేశాను. తిరిగి వచ్చాక ఆరు నెలలు మా అత్త పెట్టిన ముద్దను మింగినట్టు చేసి, చెంపలో దాచుకుని పెరట్లో ఉమ్మేసేదాన్ని.

అయినా ఆమె దగ్గర వంట నేర్చుకోకుండా ఉండలేకపోయాను. లైన్లో అందరూ ఆమె చేతి కూరల కోసం గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మేం తాళింపు అన్నదాన్ని ఆమె పల్యం అనేది, పక్కింటి తమిళామె పొరియల్ అనేది, తినేటప్పుడు మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట. ఎలా చేశావని అడిగితే చెప్పేది. చెప్పినట్టే చేసినా ఆ రుచి రాదు. ఏదో ఒకటి దాచిపెట్టి చెబుతోందని లైనంతా అనుమానం. నాకూ అదే అనుమానం. మొన్న పరామర్శకు వచ్చినవాళ్ళలో కూడా ఒకామె కళ్ళు తుడుచుకుంటూనే, "పల్యంలో ఆమె ఏం ఏసేదే? నీకన్నా చెప్పిందా?" అని గుసగుసగా అడిగింది.

ఆమె చెప్పినవి చిన్న చిన్న సంగతులు. కాకరకాయ వేపుడులో మూత పెట్టొద్దు, గరిటె వదిలేసి చెవి పెట్టు అనేది. తడి ఉన్నంతసేపు నూనె గోల చేస్తుంది, తడి ఆరిపోయాక చప్పుడు సన్నగా అయిపోతుంది, అప్పుడు ఉప్పు వెయ్యి. "కూర నోటికంటే ముందు చెవికి చెప్తాది" అనేది. బెండకాయలను గుడ్డతో తుడిచి, తరిగి, గంటసేపు గాలికి ఆరబెట్టేది. పట్టుకుంటే వేళ్ళకు అంటకూడదు, అప్పుడే బాణలి ఎక్కాలి. ఉప్పు వేసేటప్పుడు అందరిలా చేత్తో వేసేది కాదు. ఒక పాత చెంచా ఉండేది, దానితో కొలిచి, పైన వేలితో గీసి వేసేది. ఇంత అనుభవం ఉండి కొలతేమిటని నేను లోపల నవ్వుకునేదాన్ని.

చలికాలంలో సంతకు అనపకాయలు వస్తాయి. మా జిల్లాలో ఎవరైనా గుప్పెడు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ ఘాటు చూసి కొంటారు. మా అత్త మాత్రం కాయను వేళ్ళతో రుద్ది, జిడ్డు అంటిందా లేదా చూసి, నా ముక్కు దగ్గర పెట్టేది. "నీ ముక్కు పనిచేస్తుందో లేదో చూస్తాను, చెప్పు, బాగుండాదా?" అనేది. కొబ్బరి చిప్ప కూడా అంతే, నెయ్యి కూడా అంతే. కోడలిని పదిమందిలో పరీక్ష పెట్టి చిన్నబుచ్చుతోందని మండిపోయేదాన్ని.

మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం నేను బయటి నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తుంటే గుప్పుమని గ్యాస్ వాసన కొట్టింది. లోపలికి పరుగెత్తాను. పొయ్యి మీట తిప్పే ఉంది. దాని ముందు మా అత్త నిలబడి, అగ్గిపెట్టెలోంచి పుల్ల తీస్తోంది. ఆ చేతి మీద కొట్టాను. అగ్గిపెట్టె ఎగిరి కిందపడింది. మీట కట్టేసి, కిటికీ తలుపులు తెరిచి, ఆమెను రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను.

"అత్తనే కొడతావా?" అంది.

"గ్యాసు అత్తా! ఇల్లంతా గ్యాసు! వాసన రాలేదా నీకు?"

"ఏం వాసన?"

అలా అనేసి, నా మొహం చూసి, తప్పు మాట అన్నానని తెలుసుకుని గడప మీద కూలబడింది.

"నాకు ముక్కు లేదమ్మా. మీ వదిన నా కడుపులో ఉండంగా జొరం వచ్చె. ఇరవై దినాలు లేవలేదు. జొరం పాయ, దాంతో వాసనా పాయ, నాలిక్కి రుచీ పాయ. ఉప్పు ఏసినా ఒకటే, మన్ను ఏసినా ఒకటే నాకు."

"ఎవురికీ చెప్పలేదా?"

"మీ మామకు ఒక్కడికే తెల్సు. మా అత్తకు తెలిసుంటే పుట్టింటికి తోలేసుండును. రుచి తెలీని దాని చేతి కూడు ఎవురు తింటారు? మీ మామ ఉన్నన్నాళ్ళు ఆయప్ప రుచి చూసి చెప్పినాడు. తర్వాత మీ వదినకు పెట్టి చూస్తిని. దానికి పెండ్లయి పాయ. నువ్వొచ్చినావు."

"అయితే నన్ను ముందు తినమనేది..."

"నీ మొగం చూసేదానికి. ఉప్పెక్కువైతే నీ ఎడమ కన్ను మూసుకుంటాది. తక్కువైతే ఊరికే నములుతా ఉంటావు. బాగుంటే తల దించుకుంటావు, అత్త చెయ్యి బాగుండాదని అత్తకు తెలీకూడదని."

పౌరుషం ఎక్కడికి పోయిందో తెలియలేదు, ఏడ్చేశాను. ఏడుస్తూనే నా తప్పూ కక్కేశాను. "నువ్వు నాకు మందు పెట్టినావనుకొని నేను పోయి కక్కుకొని వచ్చినాను అత్తా."

"తెల్సు. వచ్చిన దినం నీ పండ్లన్నీ పచ్చగా ఉన్నె. పెరట్లో ఉమ్మేది గూడా చూసినాను."

"చూసి గూడా అడగలేదే?"

"అడిగితే నువ్వు నా చేతిది నోట్లో పెట్టేదే మానేస్తావు. ఇంగ నాకు ఉప్పు ఎవురు చెప్తారు?"

నేను అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. "నేను నీకు విషం పెడతానని ఎప్పుడన్నా అనుకున్నావా?"

మా అత్త అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "అనుకోకుండా ఉంటానా? కొత్త పిల్లవి, నంగలి దిక్కుదానివి. రెండు నెలలు అనుకున్నాను. ముందు నువ్వు తింటావు గదా అని ధైర్యం" అంది. ఆ మాటకు ఇద్దరం గడప మీద కూర్చుని నవ్వాం. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నేను ఉండేంతవరకు ఎవురికీ చెప్పొద్దు. మీ వదినకు గూడా" అంది. మాట ఇచ్చాను. ఆ మాట గడువు తీరింది కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను. లైన్లో వాళ్ళందరూ వినండి, ఆమె ఏమీ దాచలేదు. మీరు నాలుకను నమ్మి వండారు, ఆమె దేన్నీ నమ్మకుండా వండింది. తేడా అంతే.

ఆ మూడేళ్ళూ మేం హాయిగా తిన్నాం. పదిమంది ఉంటే నేను రుచి చూసి, కోడలు సణిగినట్టుగా, "ఉప్పు రవ్వంత తక్కువే అత్తా" అనేదాన్ని. "వచ్చిందమ్మా తీర్పు చెప్పేదానికి" అని కసురుతూ చెంచా అందుకునేది. మా ఇద్దరికీ పడదని చుట్టాలు జాలిపడేవాళ్ళు. నిజం చెబితే నాకు ఆ రోజులే కావాలి ఇప్పుడు, ఇంకేమీ వద్దు.

పదకొండో రోజు మా వదిన, అంటే మా అత్త కూతురు, తల్లికి ఇష్టమైనవన్నీ తానే వండింది. ఫోటో ముందు అరిటాకు వేసి అన్నం, గుమ్మడికాయ కూర, బీట్‌రూట్ పల్యం వడ్డించింది. బీట్‌రూట్ అంటే మా అత్తకు ఎందుకంత ఇష్టమో వదినకు తెలియదు. కంటికి తెలిసే కూర అదొక్కటే. పోయినవాళ్ళకు పెట్టే ఆకు ఎంగిలి కాకూడదు. వండేవాళ్ళు కూడా రుచి చూడకూడదు. వదిన కర్పూరం వెలిగించి, అందరినీ పక్కకు జరగమని, "అమ్మా, తిను" అంది.

నాకు కాళ్ళు ఆగలేదు. తినదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పూట అలా తినలేదు. ఎలా తింటుంది? ముందుకు వెళ్ళి ఆకు దగ్గర కూర్చుని, పల్యంలో మూడు వేళ్ళు పెట్టి ఇంత తీసుకుని నోట్లో వేసుకున్నాను.

"ఎంగిలి చేస్తివి గదే! నీకేం పుట్టింది?" అని వదిన కేక పెట్టింది. వెనక ఎవరో నంగలి వాళ్ళ సంగతి తెలియదా అని గొణిగారు. నన్నే అన్నారు, అనుకోనీ.

నేను నములుతున్నాను. ఉప్పు లేదు. బొత్తిగా లేదు. ఎవరూ రుచి చూడలేదు కదా.

"ఒక్క నిమిషం ఆగు అత్తా" అన్నాను. ఆకు చివర పెట్టిన ఉప్పులోంచి చిటికెడు తీసి, పల్యంలో వేసి, నెమ్మదిగా కలిపి, మళ్ళీ ఇంత తిన్నాను. ఫోటో వైపు మొహం తిప్పి నమిలాను, బాగా కనిపించేటట్టు. అప్పుడు తల దించుకున్నాను.

వదిన ఆకు మార్చడానికి కొత్తది పట్టుకుని వచ్చింది. నన్నూ ఫోటోనూ చూసింది. ఏమనుకుందో, చేతిలోని ఆకును చుట్టి పక్కన పెట్టేసింది. కింద ఆకు మీద, బీట్‌రూట్ కుప్పలో నా వేళ్ళు చేసిన గుంటలోంచి ఎర్రటి రసం మెల్లగా దిగి తెల్లటి అన్నంలోకి పాకుతోంది.