వసారాలో కట్టిన పాట

ఆ పాట 1956 మే 21, ఉదయం తొమ్మిది గంటలకు మొదలైంది. ఇవాళ గానుగ దగ్గర వేరుసెనగ పొట్టు వాసన తగిలి అంతా గుర్తొచ్చింది.

మా వసారాలో పదకొండు మంది ఆడవాళ్లు విత్తనపు కాయలు వలుస్తున్నారు. పాటలు కట్టేది సుంకమ్మ. ముందు మాటల్లేని రాగం తీసేది. కంటబడినదాన్ని అందులో కూర్చి, తక్కినవాళ్లు తిరిగి పాడేలోగా తరువాతి చరణం వెతుక్కునేది. ఆ రోజు, ఆత్మకూరు అత్తవారు పుట్టింటికి పంపేసిన మా మేనత్త పెట్టె ఆమె కంటబడింది.

“పెట్టె వచ్చెనే అమ్మా, పెనిమిటి రాడాయె!”

మా అమ్మ కూడా గొంతు కలిపింది. అత్త మీద పాట కట్టడం గౌరవమని, ఎనిమిదేళ్ల నేను పొంగిపోయాను. మూడో చరణానికి మాట దొరకక సుంకమ్మ నన్నడిగింది.

“మీ యత్త ఇంగేం చేస్తాది పాపా?”

“తలుపు చాటున మామ చొక్కా వాసన చూస్తాది.”

“అబ్బ! శానా బాగుండాది!”

చొక్కా చరణం పాడుతూ అందరూ పగలబడి నవ్వారు. మజ్జిగ కుండతో అత్త గడపలో నిలబడి ఉంది.

“ఎవరు చెప్పినారే?”

సుంకమ్మ పాట ఆపకుండానే నన్ను చూపించింది. అత్త అందరికీ మజ్జిగ పోసి, లోపలికి వెళ్లి చొక్కాను పొయ్యిలో పెట్టింది.

పోయినవి: ఒక చొక్కా, ఆ తరువాత అత్త బతికిన పంతొమ్మిదేళ్లూ నాతో ఆడని మాటలు. మిగిలింది: ఊళ్లో ఇప్పటికీ పాడుకునే నాలుగు చరణాలు. అందులో ఒకటి నాది.