చావింట కొత్త చాప

తొంగా దేశపు వవావు దీవిలో నలభై ఏళ్లుగా మొగలాకు చాపలల్లిన లూపేకు చాప సంగతి ఇంకొకరు చెప్పాలా? చావింట అందరూ బట్టల మీద నడుముకు చాప చుట్టుకుంటారు; ఎవరిది ఏ చాపో చూస్తే చాలు, పోయినవాళ్లకు వాళ్లేమవుతారో తెలిసిపోతుంది. పై వరసవాళ్లది చిన్న, నాజూకు చాప. కింది వరసవాళ్లది మోకాళ్లు దాటి వేలాడే చిరుగుల చాప. ఎంత చిరిగితే పోయినవాళ్లకు అంత మర్యాద.

తొంగాలో మేనత్తను మించిన మనిషి లేదు. లూపేకు పేరు పెట్టిందీ, తల్లి పోయాక అల్లిక నేర్పిందీ మేనత్త వైనీయే. ఆవిడ పోయిన పొద్దున లూపే తన తండ్రి నాటి చాప బయటికి తీసింది. ముట్టుకుంటే రాలిపోతోంది. ఏడుస్తూనే అది చుట్టుకుని పెరట్లో పొయ్యి దగ్గరికి వెళ్లింది. దుంపలు కాల్చడం, పొగ మింగడం కింది వరసవాళ్ల వంతు. అత్తకు చేయగల ఆఖరి సేవ అదేనని ఆమెకు తెలుసు.

ఆక్లాండ్ నుంచి దిగిన వైనీ కూతురు సేలా ఫోను బిగించి చావింటిని లైవులో చూపిస్తోంది. ఏడవడానికి తీరికేదీ, కామెంట్లు చదవద్దూ? లూపే దుంపల గంప తీసుకుని అటు రాగానే సేలా ముఖం మాడ్చుకుంది.

"ఏంటే లూపే ఆ వేషం? ముష్టావిడ ఎవరని అడుగుతున్నారు. పరువు తీస్తున్నావ్! ఇదిగో, ఇది కట్టుకో."

చిన్న చాప. ప్లాస్టిక్ పోగులు, అంచున తళుకు పూసలు.

"వదినా, ఇది కడితే నేను అత్తకు పైదాన్నని కదా! ఊళ్లో ఏమనుకుంటారు?"

"ఊళ్లోవాళ్లదేముంది? చూసేది ఆక్లాండూ సిడ్నీ. నా మాటే కాదంటావా?"

మేనత్త బిడ్డ మాట కాదనకూడదు. ఆ ఒక్క కట్టుబాటు సేలాకు భేషుగ్గా గుర్తుంది. లూపేకు ఒళ్లు మండిపోయింది. అయినా తండ్రి చాప విప్పింది.

"అబ్బ, ఎన్ని లైకులొచ్చాయో చూడు!" అంది సేలా.

లూపే చూడలేదు. పెరట్లోకి వెళ్తుంటే, వైనీతో కలిసి చాపలల్లిన ముసలి మాఫి ఎదురై ఆమె నడుం వంక చూసింది.

"ఓహో, అత్త పోగానే అత్తను మించిపోయావన్నమాట!"

సేలా కట్టించిందంటే పై వరస మనిషిని నలుగురిలో పలచన చేసినట్టే. లూపే తల వంచుకుని పొయ్యి వైపు నడవబోయింది.

"పెద్దదానివి, పొయ్యి దగ్గర నీకేం పనమ్మా? పోయి ముందు వరసలో కూర్చో," అని మాఫి ఆమె చేతిలోని గంప లాక్కుంది.