టీ ఒలికిన చీర

పత్తికొండ బస్టాండులో కర్నూలు బస్సెక్కాను. పక్క వరుసలో కూర్చున్న ఖాసింబీ అనే పెద్దావిడ మాటలు కలిపింది. అలిగి పుట్టింటికెళ్లిన కోడల్ని తనే వచ్చి తీసుకెళ్తోందట. మా కాకినాడ వైపు ఏ అత్తగారూ అలా వెళ్లడం నేను చూడలేదు.

"తప్పు నా నోటిదేనప్పా. కోపం తగ్గనీకి ఆస్పత్రిలో నర్సమ్మ దగ్గర యోగా నేర్చుకుంటాండా" అంది.

బస్సు కదిలిన కుదుపుకు, పక్కనే కిటికీ దగ్గర కూర్చున్న కోడలి చేతిలోని వేడి టీ ఆవిడ కొత్త చీర మీద ఒలికింది. ఆ పిల్ల భయంతో కిటికీ వైపు ముడుచుకుపోయింది. ఖాసింబీ కళ్లు మూసుకుని, ఊపిరి నిండా పీల్చి, నెమ్మదిగా వదిలింది.

"చెయ్యి యాడ కాలిందో చూపించుమ్మా" అంది.

కాసేపయ్యాక, కోపం రాలేదా అని అడిగాను.

"శానా వచ్చిందప్పా! ఊపిరితోనే బయటికి పంపిస్తి."

కోడలు నవ్వాపుకోలేక ఆవిడ భుజం మీద వాలిపోయింది.